మందు మోతాదును 5.0 మి.గ్రా. అని ఎందుకు రాయకూడదు?

ఫార్మసీ టెక్నీషియన్ పరీక్షకు చదివేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: 5కి, 5.0కి లెక్కలో తేడా లేనప్పుడు ఆ సున్నా తప్పెలా అవుతుంది?

లెక్కలో తప్పు లేదు, చదవడంలోనే ఉంది. చేతిరాతలో చుక్క సరిగ్గా పడకపోయినా, కాగితం గీతలో కలిసిపోయినా 5.0 కాస్తా 50 అవుతుంది. అంటే పదింతల మోతాదు. .5 అని రాసినా అంతే, చుక్క పోతే 5. అందుకే దశాంశానికి ముందు సున్నా తప్పనిసరి, పూర్ణసంఖ్య తర్వాత సున్నా నిషేధం. ఈ రెండూ తారుమారు కాకుండా గుర్తుపెట్టుకోండి, పరీక్షలో తికమక పెట్టేది ఇక్కడే.

అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో తెచ్చిన 'వాడకూడని సంక్షిప్తాల' జాబితాలో 5.0, .5 లాంటి రాతలు రెండూ ఉన్నాయి. యూనిట్లకు బదులు రాసే ఇంగ్లిష్ 'U' అక్షరం కూడా అందులోదే. ఇన్సులిన్ 4 పక్కన ఆ అక్షరం సున్నాలా కనిపిస్తే 40 యూనిట్లు ఎక్కించే ప్రమాదం ఉంది. అందుకే 'యూనిట్' అని పూర్తిగా రాయాలి. ల్యాబ్ రిపోర్టులకు, కాథెటర్ (శరీరంలోకి పెట్టే సన్నని గొట్టం) సైజులకు మాత్రం చివరి సున్నా విషయంలో మినహాయింపు ఉంది, ఎందుకంటే అక్కడ అది కొలత ఎంత కచ్చితమో చెబుతుంది.

ప్రిస్క్రిప్షన్‌లో అనుమానం వస్తే టెక్నీషియన్ సొంతంగా ఊహించి సరిదిద్దకూడదు. ఫార్మసిస్ట్‌కు చూపించాలి, ఆయన డాక్టర్‌ని అడిగి తేలుస్తారు.