మా అబ్బాయి బేస్‌బాల్ వదిలేశాడు

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా డాలస్‌లో ఉంటున్నాం. క్రికెట్ లేని లోటు నాకు బేస్‌బాల్‌తో తీరింది. పెన్సిల్‌తో స్కోరు పుస్తకం రాయడంతో సహా ఆ ఆటంతా మా అబ్బాయికి నేనే నేర్పాను. ఇప్పుడు వాడికి పదిహేనేళ్లు. మా బేస్‌బాల్ జట్టు రేంజర్స్ మ్యాచ్ పెడితే లేచి గదిలోకి వెళ్లిపోతున్నాడు. మావెరిక్స్ మ్యాచ్‌ల పట్టిక ఫ్రిజ్‌కు అంటించి, బాస్కెట్‌బాల్ సీజన్ కోసం రోజులు లెక్కపెడుతున్నాడు. మొన్న చుట్టాల ముందు ‘ఓపిక లేనివాళ్ల ఆట అది’ అన్నాను. అప్పటి నుంచి ముభావంగా ఉంటున్నాడు. ఫిబ్రవరిలో ఎవరో ఆటగాణ్ని లాస్ ఏంజిలిస్‌కు ఇచ్చేశారని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. అప్పుడూ నవ్వేశాను. వాడు నాకు దూరమవుతున్నాడా?

జవాబు: మీ ఉత్తరంలో ఫిబ్రవరి మాట దగ్గర నేను ఆగిపోయాను. మీరు ‘ఎవరో’ అని రాసిన ఆటగాడు లూకా డాన్చిచ్. 2018 నుంచి, అంటే మీవాడికి ఎనిమిదేళ్లప్పటి నుంచి, ఆ ఊరి పిల్లలకు మావెరిక్స్ అంటే అతనే. 2024లో జట్టును ఫైనల్స్ దాకా తీసుకెళ్లాడు. బోస్టన్ చేతిలో ఓడినా, మళ్లీ వస్తాంలే అని అందరూ ధైర్యంగా ఉన్నారు. అలాంటివాణ్ని మరుసటి ఫిబ్రవరిలో ఒక రాత్రికి రాత్రే లాస్ ఏంజిలిస్ జట్టు లేకర్స్‌కు ఇచ్చేశారు. స్టేడియం బయట పెద్దవాళ్లే పూలు పెట్టి బాధపడ్డారు. ఇంట్లో మీ అబ్బాయి అన్నం ముందు కూర్చుని తినలేకపోతుంటే నాన్న నవ్వారు. ఆ నవ్వు వాడు మరిచిపోయి ఉండడు.

అంత దెబ్బ తిన్నా మళ్లీ అదే జట్టు కోసం ఎదురు చూస్తున్నాడు. ఓపిక లేనివాడు చేసే పనా ఇది? జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, ఎవరు ముందు ఎంచుకోవాలో తేల్చే లాటరీలో 1.8 శాతం అవకాశమే ఉన్న డాలస్‌కు 2025లో మొదటి ఎంపిక దక్కింది, కూపర్ ఫ్లాగ్ వచ్చాడు. అప్పటికి అతనికి 18 ఏళ్లు, మీవాడి కంటే మూడేళ్లే పెద్ద. అన్నయ్య వయసు కుర్రవాడి తొలి సీజన్ అంటే ఆత్రం ఉండదా?

24 సెకన్లలో బంతిని బుట్టకేసి విసరాలన్న నియమం చూసి మీరు ఆ మాట అని ఉంటారు. మీ బేస్‌బాల్‌లోనూ 2023 నుంచి బంతి విసిరే పిచ్చర్‌కు గడియారం పెట్టారు కదా. రేంజర్స్ మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది ఆ ఏడాదే. మీ ఆనందం ఏమీ తగ్గలేదు.

ముందు క్షమాపణ చెప్పండి. ‘కానీ’ అన్న మాట లేకుండా చెప్పండి. వీలైతే ఆ చుట్టాలున్నప్పుడే చెప్పండి. తర్వాత ఫిబ్రవరి గురించి అడగండి: ఆ కబురు వినేటప్పటికి ఎక్కడున్నాడు, ఎవరితో పంచుకున్నాడు అని. వాడు చెబుతున్నంతసేపూ సలహా ఇవ్వకండి. తిండి, నిద్ర, చదువు కూడా దెబ్బతింటున్నట్టు కనిపిస్తే బడిలోని కౌన్సెలర్‌ను కలవండి. మీరు రాసినదాన్ని బట్టి అంత దూరం వచ్చినట్టు నాకు అనిపించలేదు.

ఎందుకంటే ఆ పట్టిక తన గదిలో పెట్టుకోకుండా, మీరు మంచినీళ్ల కోసం తలుపు తీసినప్పుడల్లా కంటబడే చోట అంటించాడు. మీ స్కోరు పుస్తకంలో ఖాళీ పేజీ ఒకటి తీసి, బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఎలా రాయాలో నేర్పమని వాణ్ని అడగండి. పట్టికలో మొదటి తేదీ చూసుకుని, ఆ సాయంత్రం వేరే పని పెట్టుకోకండి.