పాఠకుల ప్రశ్నలు: బోటులో వైఫైని ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: మాది 14 మీటర్ల ట్రాలర్. ఫిష్ ఫైండర్ (నీటి కింద చేపలను, లోతును చూపే సెట్) బొమ్మను వైఫైతో ట్యాబ్‌లో చూస్తున్నాం. హార్బర్‌లో బాగానే ఉంటుంది. రాత్రి వేటలో డెక్ లైట్లు వేయగానే తెగిపోతోంది. వైఫై మానేయమని ఒకరు, వైర్లన్నీ తీసేసి అంతా వైర్‌లెస్ చేసుకోమని ఇంకొకరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?
– బోటు యజమాని, విశాఖపట్నం

జవాబు: ఇద్దరి మాటా వద్దు. లైట్లు వేసినప్పుడే తెగుతోందంటే ముందు అనుమానించాల్సింది కరెంటు లైనును, తర్వాతే వైఫైని. లైట్లన్నీ వెలిగించి, మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర ఒకసారి, ఫిష్ ఫైండర్ వెనక ఒకసారి వోల్టేజీ చూడండి. 12 వోల్టుల బోటులో ఈ రెంటికీ తేడా 0.36 వోల్టులు, అంటే 3 శాతం, దాటకూడదు. బ్యాటరీ నుంచి కేబిన్‌కు 10 మీటర్ల దూరం, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 5 ఆంపియర్ల వాడకం అనుకుందాం. పోను, రాను 20 మీటర్లు కాబట్టి 0.7 వోల్టులు వైరులోనే పోతాయి. అదే 6 చదరపు మిల్లీమీటర్ల వైరైతే 0.3 వోల్టులే. లైట్లూ ఫిష్ ఫైండర్ సెట్టూ ఒకే లైను మీద ఉంటే సెట్ ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలవుతుంది. ఆ లోపు ట్యాబ్ వైఫైని వదిలేస్తుంది. ఎలక్ట్రానిక్స్‌కు ఫ్యూజుతో విడి లైను లాగండి. వీలైతే ఇంజను స్టార్టింగ్‌తో సంబంధం లేని బ్యాటరీ పెట్టండి.

వోల్టేజీ సరిగా ఉంటే అప్పుడు వైఫై సంగతి చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను ఇనుము అడ్డుకుంటుంది, నీరు పీల్చేస్తుంది. తడి వలల గుట్ట, మధ్యలో నిలబడ్డ ఇద్దరు మనుషులు చాలు, సిగ్నల్ తెగడానికి. ఇంకో తిరకాసు ఫోన్లలోనే ఉంది: ఆ వైఫైలో ఇంటర్నెట్ లేదని గమనించి చాలా ఫోన్లు వాటంతటవే మొబైల్ డేటాకు మారిపోతాయి. ఆ సెట్టింగు ఆపేయండి. ఎండలో వేడెక్కిన ట్యాబ్ ఆగిపోవడమూ, తడి వేళ్లకు తెర పలకకపోవడమూ వైర్ వేసినా పోవు.

మా సలహా ఇది. చీకట్లో రేవు చేరడానికి కావలసినవి, అంటే జీపీఎస్, ఎకో సౌండర్ (లోతు కొలిచేది), ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడల జాడ చూపేది), వీహెచ్‌ఎఫ్ (మాట్లాడే రేడియో), వైరు మీదే ఉండాలి. వైఫై రెండో తెరకు సరిపోతుంది.

అయితే వైరు వేసినంత మాత్రాన నిశ్చింత కాదు. వైరు మధ్యలో చెడడం అరుదు, కొసల్లోనే చెడుతుంది. ఉప్పు తేమ రాగికి చిలుము పట్టిస్తుంది, ఆ చిలుము తొడుగు కిందుగా లోపలికి పాకుతుంది. మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, టిన్ పూత ఉన్న రాగి వైరే వాడండి. ఒట్టి సోల్డరింగ్ వద్దు: సోల్డర్ ఆగిన చోట వైరు బిరుసెక్కి ఇంజను అదురుకు విరుగుతుంది. క్రింప్ చేసి (లోహపు తొడుగును కొసపై నొక్కి బిగించి), లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే) గొట్టం తొడగండి. సెట్‌లోకి వెళ్లే ముందు వైరును కాస్త కిందికి వేలాడనిస్తే నీటి చుక్క అక్కడే రాలిపోతుంది. సౌండర్ ట్రాన్స్‌డ్యూసర్ (నీటిలోకి శబ్దం పంపి ప్రతిధ్వని అందుకునే భాగం) కేబుల్‌ను మాత్రం పొడవు ఎక్కువైందని ఎప్పుడూ కోయకండి.

ప్రశ్న: కొత్తగా వేయించిన ఎన్‌ఎంఈఏ 2000 (బోటు పరికరాలను ఒకదానితో ఒకటి కలిపే) లైనులో అప్పుడప్పుడు పరికరాలన్నీ ఒకేసారి మాయమవుతున్నాయి.
– కాకినాడ

జవాబు: లైనుకు కరెంటు ఆపి, తెల్ల, నీలం వైర్ల మధ్య నిరోధం కొలవండి. 60 ఓమ్‌లు రావాలి, ఎందుకంటే రెండు కొసల్లోనూ ఒక్కొక్క 120 ఓమ్‌ల టర్మినేటర్ (కొసకు తగిలించే నిరోధకం) ఉంటుంది. 120 చూపిస్తే ఒకటి లేదు, లేదా దారిలో ఎక్కడో తెగింది. 40 అయితే మూడోది ఎవరో తగిలించారు. 60 సరిగ్గా వస్తే ఒక్కొక్క పరికరాన్నీ విడదీసి చూడండి, ఏది తీస్తే లైను నిలబడుతుందో అదే దోషి. మెయిన్ లైను నుంచి పరికరానికి వెళ్లే కొమ్మ వైరు 6 మీటర్లు మించకూడదు. టర్మినేటర్లను బిల్జ్‌లో (బోటు అడుగున నీరు చేరే చోట), తడిలో పెట్టకండి.

ప్రశ్న: ఎల్‌ఈడీ లైట్లు వేస్తే వీహెచ్‌ఎఫ్ సెట్‌లో అవతలి మాట వినపడటం లేదు. సెట్ మార్చాలా?
– నిజాంపట్నం

జవాబు: అక్కర్లేదు. నాసిరకం ఎల్‌ఈడీల్లోని డ్రైవర్ సర్క్యూట్ల రొద వీహెచ్‌ఎఫ్, ఏఐఎస్‌లను మింగేస్తుందని అమెరికా కోస్ట్ గార్డ్ 2018లోనే హెచ్చరించింది. లైట్లు ఆపి, ఎవరూ మాట్లాడని ఛానెల్‌లో స్క్వెల్చ్‌ను (రొదను అణిచే మీటను) గరగర సరిగ్గా ఆగేచోట ఉంచండి. తర్వాత లైట్లు ఒక్కొక్కటే వేయండి. ఏ లైటుకు గరగర తిరిగి వస్తే దాన్ని మార్చండి, లేదా యాంటెనాకు దూరంగా జరపండి. పనిలో పనిగా యాంటెనా కేబుల్ కూడా చూసుకోండి: 10 మీటర్ల ఆర్‌జీ-58 (సన్న కేబుల్)లో 25 వాట్లలో పైకి చేరేవి సుమారు 16, ఆర్‌జీ-213 (లావు కేబుల్)లో 20.

ప్రశ్న: ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్‌కు (ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే, అందుకునే బోటు పరికరానికి) ఫోన్ బ్లూటూత్‌తో కలుస్తుంది కదా. ఫోన్ చార్జింగ్ అయిపోతే?
– భీమిలి

జవాబు: ఫోన్ సందేశాలు చదవడానికి, రాయడానికే. ఉపగ్రహంతో మాట్లాడేది ఆ పరికరమే. అందుకే దానికి వెళ్లే కరెంటు వైరునూ ఫ్యూజునూ ప్రతి వేటకు ముందు చూడండి. దాని మీద వల గానీ టార్పాలిన్ గానీ కప్పకండి.