పడవ సీటు ప్లైవుడ్‌లోకి నీరు దిగేది అంచుల్లోంచి, పిన్ను రంధ్రాల్లోంచి

ప్లైవుడ్‌తో పడవ సీట్లు మీరే చేసుకున్నారు, ఫోమ్ పెట్టి రెగ్జిన్ బిగించే ముందు రెండు కోట్లు పెయింట్ వేస్తే చాలా అని అడుగుతున్నారు. పై తలం మీద ఎంత పెయింట్ వేసినా, అంచులు, రంధ్రాలు వదిలేస్తే చాలదు.

నేను కొన్న పాత పడవ సీట్లు విప్పి చూసినప్పుడు బోర్డు మధ్యభాగం గట్టిగానే ఉంది. చుట్టూ రెగ్జిన్ బిగించడానికి పిన్నులు కొట్టిన వరస మాత్రం నల్లబడిపోయింది. తుప్పు పట్టిన ప్రతి పిన్ను దగ్గరా చెక్క గోటితో గీకితే ఊడొచ్చేంత మెత్తగా ఉంది, అంచుల్లో పొరలు విడిపోయాయి. రెగ్జిన్ కుట్ల రంధ్రాల్లోంచి నీరు ఎలాగూ ఫోమ్‌లోకి దిగుతుంది. అక్కడే నిలిచి, కింద చెక్కను నానబెడుతుంది. మెరైన్ ప్లై అయినా అంతే. అందులోని జిగురు నీటికి ఊడదు గానీ, చెక్క కుళ్లకుండా ఉండదు.

కొత్త సీట్లకు నేను ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ రెండూ కలిపితే గట్టిపడే పూత) వాడాను. పూతకు ముందే కోతలు, రంధ్రాలు అన్నీ పూర్తి చేసి, అంచులను గుండ్రంగా రుద్దండి. పదునైన మూల మీద పూత నిలవదు, రెగ్జిన్ కూడా అక్కడే చిరుగుతుంది. చెక్క బాగా ఆరి ఉండాలి. మొదటి కోటు పల్చగా వేయండి. అంచులు ఎపాక్సీని తాగేస్తూనే ఉంటాయి, తాగడం ఆగేదాకా తడుపుతూ ఉండండి, ఓపిక పట్టాల్సింది ఇక్కడే. ఎండ ఎక్కే వేళ పూస్తే చెక్కలోని గాలి వేడెక్కి బుడగలు లేస్తాయి. అందుకే సాయంత్రం, చెక్క చల్లబడే వేళ పూస్తాను. ఆరాక పైన జిడ్డు పొర తగిలితే ముందు నీళ్లతో, స్క్రబ్బర్‌తో కడగండి, ఆ తర్వాతే శాండ్‌పేపర్. అలా అన్ని వైపులా రెండు మూడు కోట్లు. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి, ఎపాక్సీ చాలామందికి చర్మంపై అలర్జీ తెస్తుంది.

స్క్రూలు వచ్చే చోట అవసరానికి మించి పెద్ద రంధ్రం చేసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో సన్నగా డ్రిల్ చేయండి. స్క్రూ ఇక చెక్కను తాకదు. పిన్నులకు ఈ పద్ధతి కుదరదు కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీల్‌వే కొనండి. 12 మి.మీ. బోర్డుకు 8 లేదా 10 మి.మీ. పిన్ను చాలు, అవతలికి పొడుచుకు రాదు.

లోపలికి వచ్చిన నీరు బయటికి పోవాలి. బోర్డులో నాలుగైదు పెద్ద రంధ్రాలు పెట్టి, వాటి లోపలి గోడలకు కూడా పూత వేయండి. నీరు పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమ్ వాడితే ఇంకా మంచిది. అడుగున ప్లాస్టిక్ షీటు మాత్రం కొట్టకండి, తడి ఆరే దారే ఉండదు.

ఎపాక్సీ ఖర్చు ఎక్కువనిపిస్తే ప్రైమర్, దానిపై ఆయిల్ పెయింట్ కూడా పనికొస్తాయి, అంచులకు ఒకటి రెండు కోట్లు ఎక్కువ వేయాలి. ఎపాక్సీ వాడితే ఎండ తగిలే భాగం మీద పెయింటో వార్నిషో వేయండి, ఎండకు ఎపాక్సీ పాడవుతుంది. చివరి కోటు తర్వాత వారం ఆగి రెగ్జిన్ బిగించండి. మీది అల్యూమినియం పడవైతే, రాగి లవణాలతో ట్రీట్ చేసిన చెక్కను మాత్రం దానికి తాకనివ్వొద్దు, లోహాన్ని తినేస్తుంది.