మెగాపిక్సెళ్లు చూసి కెమెరా నాణ్యత చెప్పొచ్చా?

చెప్పలేం. మెగాపిక్సెళ్లు గడుల లెక్క మాత్రమే. వాటిలో సమాచారం ఎంత పట్టిందో తెలియాలంటే సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ 1948లో చూపిన దారిలో బిట్లలో (సమాచారాన్ని కొలిచే ప్రమాణం) కొలవాలి. సిగ్నల్-నాయిస్ నిష్పత్తి (అసలు సంకేతం, అందులో కలిసే అనవసర హెచ్చుతగ్గులకు ఎన్ని రెట్లో) పెరిగితే బిట్లూ పెరుగుతాయి, కాకపోతే లాగరిథమ్ లెక్కన, నెమ్మదిగా: నిష్పత్తి రెట్టింపైతే ఒక్క బిట్టే.

ఒక పిక్సెల్‌లో కాంతి పడటం వల్ల 10,000 ఎలక్ట్రాన్లు పోగయ్యాయనుకోండి. సెన్సర్ ఎంత ఖరీదైనదైనా, కాంతి స్వభావం వల్లే దాని వర్గమూలమైన 100 ఎలక్ట్రాన్ల మేర హెచ్చుతగ్గులు తప్పవు. నిష్పత్తి 100, అంటే సుమారు 6.6 బిట్లు. మసక వెలుతురులో 100 ఎలక్ట్రాన్లే పోగైతే నిష్పత్తి 10, బిట్లు 3.3కి దిగుతాయి. ఫైలులో ఒక్కో పిక్సెల్‌కి 14 బిట్లు ఉండొచ్చు, మిగతా బిట్లలో చాలావరకు నమోదయ్యేది నాయిసే!

లెన్స్‌నీ ఇందులోనే కలపాలి. సన్నటి గీతల దగ్గర కాంట్రాస్ట్ పడిపోతే అక్కడి బిట్లూ పోతాయి. తర్వాత షార్ప్‌నింగ్ (అంచుల్ని పదునెక్కించడం) చేస్తే ఫొటో కంటికి బాగుంటుంది గానీ, సిగ్నల్‌తో పాటు నాయిసూ పెరుగుతుంది, కొత్త సమాచారం రాదు.