రేవులో బహుమతి పెట్టేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నదిలో మునిగిపోయేవాళ్లను కాపాడినవారికి నగదు బహుమతి పెడదామనుకుంటున్నారని, నియమాలు ఎలా రాయాలని అడిగావు. మంచి పనే. కానీ "ప్రాణానికి ఇంత" అని బోర్డు మాత్రం కట్టకు.

ఆ దెబ్బ తిన్నవాళ్లు ఇదివరకే ఉన్నారు. 1767లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మునిగినవాళ్లను బతికించే సంఘం ఒకటి పుట్టింది. 1774లో లండన్‌లో ఇద్దరు వైద్యులు మరొకటి పెట్టారు, అదే తర్వాత రాయల్ హ్యూమేన్ సొసైటీ అయింది. మనిషిని బతికిస్తే నాలుగు గినీలు, అంటే అప్పటి ఇంగ్లండ్ బంగారు నాణేలు. నీళ్లలోంచి తీసినవాణ్ణి తన ఇంట్లోకి రానిచ్చినవాడికి ఒక గినీ. శవమేమోనని తలుపులు వేసుకునేవాళ్లను కూడా లెక్కలోకి తీసుకున్నారు చూడు, అది నాకు భలే నచ్చింది! అయితే కొందరు కూడబలుక్కుని, ఒకడు మునిగినట్టు, ఇంకొకడు లాగినట్టు నాటకమాడి డబ్బు పంచుకోసాగారు. క్రమంగా డబ్బు పోయి పతకాలొచ్చాయి.

నా టెన్షన్ మోసం గురించి కాదు. డబ్బు మాట వింటే ఈత సరిగ్గా రానివాడూ దూకుతాడు. మునిగేవాడు దొరికినవాడి మెడ పట్టుకుంటాడు, ఇద్దరూ పోతారు. అందుకే దూకినవాడికీ, ఒడ్డు నుంచి తాడు విసిరినవాడికీ ఒకే బహుమతి అని రాయి. నన్నడిగితే తాడు విసిరినవాడికే ఓ పిసరు ఎక్కువ ఇస్తాను. మనిషి దక్కకపోయినా ప్రయత్నించినవాళ్లకు ఇవ్వాల్సిందే. ఊపిరి అందకపోతే నిమిషాల్లో మెదడు దెబ్బతింటుంది కాబట్టి పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మాన్పించి, నోటితో ఊపిరి ఊదడం, ఛాతీ మీద నొక్కడం నేర్పించు.

ఇక పడవవాళ్లు. పొద్దస్తమానం రేవులో ఉండేది వాళ్లే. ఒకణ్ణి తీయబోతే ఆ పూట బేరం పోతుంది, తెడ్డు కొట్టుకుపోతుంది, ఫోన్ తడిసిపోతుంది. అది బహుమతి లెక్కలో వేయకు, మనం పడ్డ బాకీ. సభ పెట్టి దండ వేసేదాకా ఆగకుండా ఆ రోజే తీర్చేయండి. వీలైతే నెలకింత అని కాపలా జీతమే ఇవ్వండి. ఎవరూ మునగని నెలలోనూ డబ్బొస్తుంటే, లోతుకు వెళ్లే పిల్లల్ని వాళ్లే ముందుగా అదిలిస్తారు. కాపాడబోయి ఎవరైనా పోతే ఆ ఇంటికి ఏమిస్తారో కూడా ఇప్పుడే రాసుకోండి.

మిగిలిన డబ్బుతో తాళ్లు, గాలి ట్యూబులు కొని రేవులోనే వేలాడదీయించు. గదిలో పెట్టి తాళం వేయనివ్వకు.