డబ్బు కట్టే ముందు ఈ ఉత్తరం చదువు

శృంగవరపుకోట
ఆదివారం రాత్రి

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "70 వేలు పెట్టి సైకిలు కొంటుందట అన్నయ్యా, డిసెంబర్లో దాని మీద అరకు వెళ్తుందట, నువ్వైనా వద్దని చెప్పు" అన్నాడు. ఊఁ అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. సగం భయం, సగం సంతోషం. మన ఇంటి ఆడపిల్ల తన జీతంతో సైకిలు కొనుక్కుని ఘాట్ ఎక్కుతానంటుంటే, 38 ఏళ్ళుగా సైకిలు కొట్టు మీద బతుకుతున్నవాణ్ణి, నేనెలా వద్దంటాను? అనను. కాకపోతే నా మాట విని కొను.

ముందు నీ సైకిలు సంగతి. నువ్వు కొంటానంటున్నది గ్రావెల్ బైకట, ఆ మాట మనకి కొత్త కాదు కదమ్మా. పంచాయతీ వాళ్ళు ఊళ్ళోకి వేసే ఎర్రటి గ్రావెల్ రోడ్డే. మీ తాతయ్య ఆ రోడ్ల మీదే పోస్టు సంచి వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవారు. రెండేళ్ళ కిందట వైజాగ్ నుంచి అలాంటి గ్రావెల్ బైకు మీద వచ్చిన ఒక కుర్రాడు పంచర్ పడి మన కొట్టు దగ్గర ఆగాడు. టైరు విప్పుతుంటే పక్కన 40-622 అని ఉంది. నాకు ఒళ్ళు జల్లుమంది. ఎందుకంటే తాతయ్య పాత సైకిలు టైరు, మనం ఇరవై ఎనిమిది ఒకటిన్నర అంటామే, దాని మీద ఉండేది 40-635. వెడల్పు అదే 40 మిల్లీమీటర్లు. రెండో అంకె రిమ్ము కొలత, అది మాత్రం 13 మిల్లీమీటర్లు తేడా. అందుకే దాని టైరు దీనికి పట్టదు, దారిలో ఎవరైనా పడుతుందని చెప్పినా నమ్మకు. ఈ గ్రావెల్ బైకు తాతయ్య తొక్కిన సైకిలే, గేర్లూ డిస్కు బ్రేకులూ వంపు హ్యాండిలూ పెట్టుకుని వచ్చింది, అంతే. తారు మీదా పోతుంది, మట్టిలోనూ పోతుంది. ఆఫీసుకీ ఘాట్‌కీ ఒకే బండి కావాలనుకున్నావు చూడు, అది మంచి ఆలోచన.

మీ నాన్న నువ్వు చూస్తున్న మూడు సైకిళ్ళ ఫోటోలు పంపాడు. మూడోది, ఆ నారింజ రంగుది, నీకేం నచ్చిందో నాకు తెలుసు. రంగు, దాని మీద ఇచ్చిన డిస్కౌంటు. ఫ్రేము సైజు చూశావా? 58 సెంటీమీటర్లు. అది ఆరడుగుల మనిషికి. నీ ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు, నీకు 50, 52 దగ్గర సరిపోతుంది, అది కూడా కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ఎక్కి చూడాల్సిందే. ఎవరికీ పట్టని సైజు కాబట్టే దాని ధర తగ్గించారు. తక్కువకి వస్తుందని కాళ్ళకి పట్టని చెప్పులు కొంటావా? ఇంత చదువుకున్నావు, నాకు కోపం వచ్చింది చిట్టీ.

కోపం ఎందుకో చెప్తాను. మీ నాన్నకి ఈ సంగతి నేను రాశానని తెలిసినా ఫర్వాలేదు.

1984. నాకు 22, మీ నాన్నకి 15. వైజాగ్‌లో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ సైకిలు చూశాను. ఎర్రది, సన్నటి టైర్లు, వంచిన హ్యాండిలు, తళతళలాడే క్రోమ్ రిమ్ములు. నాకు రెండంగుళాలు పెద్దది. సీటు పూర్తిగా దించినా కిందికి వచ్చిన పెడల్ మునివేళ్ళకే అందేది. బ్రేకు లివర్లు వేళ్ళ చివర్లకి. ఏడాది దాచుకున్న డబ్బు దాదాపు మొత్తం ఇచ్చేశాను. అమ్మినాయన మంచివాడే, "బ్రేకు రబ్బర్లు గట్టిపడిపోయాయి బాబూ, మార్చుకో" అని చెప్పాడు. రబ్బర్లకి ఎంతో కాదు, మిగిలిన చిల్లరతో వచ్చేసేవి. నేను ఆ చిల్లరతో హ్యాండిల్‌కి తెల్ల టేపు చుట్టించాను.

ఆగస్టు నెల. సైకిల్ని బస్సు టాపు మీద వేసి అనంతగిరి దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి దిగుతూ వద్దామనుకున్నాం. మీ నాన్నని ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకున్నాను. దారిలో డముకు ఊరి దాకా ఎంత సంతోషమో. వాడు చేతులు వదిలేసి అరుస్తున్నాడు. దాటాక వాన పట్టుకుంది. మలుపు ముందు బ్రేకు నొక్కాను. ఏమీ అవలేదు. నొక్కితే చేతికి బరువు తెలుస్తోంది, రబ్బరు రిమ్ముకి ఆనుతోంది, చక్రం మాత్రం తన పాటికి తను తిరుగుతోంది. తడిసిన క్రోమ్ మీద రబ్బరు పట్టదని నాకు అప్పటికి తెలియదు. గట్టిపడిన రబ్బరైతే అసలే పట్టదు. కాలు కింద పెడదామంటే సైకిలు పెద్దది, నేల అందలేదు. చెప్పు కాలు ముందు టైరుకి ఆనించాను, చెప్పు ఎగిరిపోయింది. ఎదురుగా లారీ హారన్ వినిపిస్తోంది. ఒక పక్క లోయ, ఒక పక్క కొండ. కొండవైపు కాలవలోకి హ్యాండిల్ తిప్పేశాను.

నేను వాడి మీద పడ్డాను. వాడి కుడి చెయ్యి నా కింద ఉంది. వాడు ఏడవలేదు. "అన్నయ్యా, సైకిలుకేమైనా అయిందా?" అని అడిగాడు. వాన నీళ్ళల్లో ఆ తెల్ల టేపు ఊడి వాడి చేతి పక్కనే తేలుతోంది. 41 ఏళ్ళయినా అది నాకు కళ్ళముందే ఉంది.

ఆ లారీ డ్రైవరే మమ్మల్ని కిందికి తెచ్చి ఆసుపత్రిలో దించాడు. ఇంట్లో మెట్ల మీంచి జారాడని చెప్పాం. తాతయ్య పోయేదాకా ఆయనకి వేరే కథ తెలియదు. మీ నాన్న ఒక్కసారి కూడా బయటపెట్టలేదు. వాడి కుడి మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేడు. నిన్ను చిన్నప్పుడు ఎప్పుడూ ఎడం చేతి మీదే ఎత్తుకునేవాడు, గుర్తుందో లేదో. మూడేళ్ళ తర్వాత నేను కొట్టు పెట్టాను. అప్పట్నుంచి ఎవరి సైకిలు వచ్చినా, పంచర్‌కి వచ్చినా సరే, బ్రేకు నొక్కి చూడకుండా పంపలేదు.

కాబట్టి తల్లీ, నువ్వు షాపులోకి వెళ్ళి మొదట బ్రేకులు చూడు. డిస్కు బ్రేకు కావాలి, అందులో రాజీ లేదు. నీ డబ్బుకి తీగతో పనిచేసేదే వస్తుంది, అది చాలు. తీగ తెగితే చిన్న ఊళ్ళో కూడా దొరుకుతుంది. ఆయిల్‌తో పనిచేసేది మెత్తగా, బాగా పట్టుకుంటుంది, నిజమే. కానీ దానికి కంపెనీ చెప్పిన ఆయిలే పొయ్యాలి, షిమానో బ్రేకులకి మినరల్ ఆయిల్, వేరేది పోస్తే లోపల సీళ్ళు పాడైపోతాయి. మన కొట్టు లాంటి చోట అది చేయించుకోవడం కష్టం. తీగ రకంలో కూడా రెండు వైపులా ప్యాడ్లు కదిలేది దొరికితే అదే తీసుకో. హ్యాండిల్ కింది వంపులో చేతులు పెట్టి రెండు వేళ్ళతో గట్టిగా నొక్కు. లివరు హ్యాండిల్‌కి తగలకూడదు. నీవి చిన్న చేతులు, లివర్ని దగ్గరికి జరిపే ఏర్పాటు ఉందేమో అడుగు. కొత్త ప్యాడ్లు మొదటిరోజే పట్టవు. ఖాళీ రోడ్డు మీద వేగంగా వెళ్ళి, ఆగీ ఆగకుండా నెమ్మది చేస్తూ ఒక ఇరవై సార్లు చెయ్యి. డిస్కుకి నూనె చుక్క తగలనివ్వకు. ఘాట్ దిగాక దాన్ని ముట్టుకోకు, కాలిపోతుంది.

తర్వాత టైర్లు. 40 పట్టేంత జాగా ఫ్రేములో ఉండాలి, ఇంకాస్త ఉంటే బురద ఇరుక్కోదు. నీ బరువుకి గాలి 40 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టు, టైరు మీద రాసిన హద్దులు దాటకు. ట్యూబ్‌లెస్ ఇప్పుడు అక్కర్లేదు. ట్యూబుకి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే మా పంపులు పట్టవు, ఇత్తడి అడాప్టరు ఒకటి ఎప్పుడూ బ్యాగులో ఉంచుకో.

గేర్ల గురించి కుర్రాళ్ళు చాలా వాదించుకుంటారు. నేను ఒక్కటే చూస్తాను. ముందు చిన్న పళ్ళచక్రంలో ఎన్ని పళ్ళో, వెనక పెద్దదానిలో కనీసం అన్ని ఉండాలి. ముందు 34, వెనక 34 ఉంటే నువ్వు అరకు దారిలో గాలికొండ ఎక్కగలవు. ముందు 30 ఉంటే ఇంకా సుఖం. తాతయ్య సైకిలు ముందు 44, వెనక 18. ఆయన ఎత్తు రాగానే దిగి నడిచేవారు. వెనక ఎనిమిది గేర్లున్న షిమానో వాళ్ళ క్లారిస్ సెట్టు అయినా, తొమ్మిదున్న సోరా అయినా సరే, ఎక్కువ గేర్ల కోసం బ్రేకుల దగ్గర డబ్బు తగ్గించుకోకు. ఆ ధరలో ముందు స్ప్రింగు ఫోర్కు వస్తే వద్దను, బరువు తప్ప ఏం లాభం లేదు.

క్యారియరుకీ మడ్‌గార్డుకీ ఫ్రేము మీద రంధ్రాలున్నాయో లేదో చూడు. నువ్వు రోజూ లాప్‌టాప్ మోస్తావు, అది వీపు మీద వద్దు.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే తప్పని అనను. బిల్లు అడుగు. హ్యాండిల్ దిగే చోటా పెడల్ ఇరుసు చోటా ఫ్రేము మీద వెంట్రుకంత గీత ఉన్నా వదిలెయ్యి. పాతది కార్బన్ ఫ్రేముది ఎంత తక్కువకిచ్చినా తీసుకోకు, లోపలి దెబ్బ పైకి కనిపించదు. సరైన సైజు గ్రావెల్ బైకు నీ బడ్జెట్‌లో దొరక్కపోతే టెన్షన్ పడకు. డిస్కు బ్రేకులున్న మంచి హైబ్రిడ్, హ్యాండిల్ తిన్నగా ఉండేది, 38 టైరు పట్టేది తీసుకో. అరకు రోడ్డు నీ హ్యాండిల్ వంపు చూసి దారివ్వదు.

ఆ 70 వేలలో 12 వేలు ముందే తీసి పక్కన పెట్టెయ్. హెల్మెట్టు, ముందూ వెనకా లైట్లు, పంపు, రెండు ట్యూబులు, తాళం, గంట, ఇంకో జత బ్రేకు ప్యాడ్లు. షాపువాడు ఏం చూపించినా ఆ డబ్బు ముట్టుకోకు.

దిగేటప్పుడు మలుపులోకి వెళ్ళాక కాదు, మలుపు రాకముందే వేగం తగ్గించు. ఒకే పట్టున నొక్కి ఉంచకుండా పట్టి వదులుతూ రా. ఇసుక ఉన్నచోట ముందు బ్రేకు జోలికి పోకు. వాన పడితే సిగ్గుపడకుండా దిగి ఏదైనా టీ కొట్లో కూర్చో. చీకటి పడేలోగా కిందికి దిగిపోవాలి. ఈ రెండు విషయాల్లో నా మీద ఒట్టు.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. వాడికి నీ సైకిలంటే భయం కాదమ్మా, ఆ రోడ్డంటే భయం. కొన్నాక ఒకసారి వాణ్ణి తీసుకెళ్ళి దాని బ్రేకు నొక్కి చూడమను, ఎడం చేత్తో అయినా సరే. ఏమంటాడో నాకు ఫోన్ చేసి చెప్పు.

అరకు వెళ్ళే రోజు తెల్లవారుజామున బయల్దేరి నేరుగా మన కొట్టు దగ్గర ఆగు. మీ పెద్దమ్మ పెసరట్లు వేస్తానంటోంది. కానీ తిండి తర్వాత. ముందు సైకిలు స్టాండుకెక్కించి రెండు చక్రాలూ తిప్పి చూస్తాను, అప్పుడు చేతులు కడుక్కుందాం.

ఇట్లు
మీ పెదనాన్న