మీ అమ్మ ఇంటికి రెండు కెమెరాలు చాలు, పాపా

అనంతపురం,
ఆదివారం రాత్రి

పాపా,

మొన్న ఫోన్లో నువ్వు ఎనిమిది కెమెరాల ప్యాకేజీ గురించి అడిగితే నేను ఏమీ తేల్చి చెప్పలేదు. ఇల్లు చూడకుండా చెప్పడం నాకు చేతకాదు. ముప్పై ఏళ్ళు ఇళ్ళకు వైరింగ్ చేసినవాణ్ణి, గోడ ముట్టుకుంటే గానీ మాట రాదు. అందుకే ఈ పొద్దున టేపు, టెస్టరు తీసుకుని సాయినగర్ పోయి, మీ అమ్మ ఇచ్చిన కాఫీ తాగి ఇల్లంతా కొలుచుకుని వచ్చాను. ఆ ప్యాకేజీ వాళ్ళకు ఇస్తానన్న అడ్వాన్సు ఇవ్వొద్దు. ముప్పై ఎనిమిది వేలు ఆ ఇంటికి అక్కర్లేదు. శనివారం నువ్వు బెంగళూరు నుంచి వచ్చేలోపు ఇది తీరిగ్గా చదువు.

కెమెరా ఏది మంచిదని కాదు, మీ అమ్మకు దేనికి భయమో అది ముందు చూడాలి. నేను అడిగాను. దొంగల మాట ఎత్తుతుందనుకున్నా. "మధ్యాహ్నం గేటు చప్పుడైతే ఎవరో ఏమో తెలీకుండానే పోయి తీసేస్తున్నా అన్నా" అంది. కొరియర్ వాళ్ళు, గ్యాసు వాళ్ళు, చందాల వాళ్ళు, పాత సామాన్లు కొంటామనే వాళ్ళు. బావ పోయినాక ఆ గేటు దగ్గరికి పోయేది ఆమె ఒక్కతే కదా. రెండో భయం పడమటి పక్క ఖాళీ సైటు. కంపచెట్లు మనిషెత్తు పెరిగాయి. అక్కడి నుంచి గోడ దూకితే సందు, సందులోంచి మెట్లు, మెట్లెక్కితే మిద్దె. ఈ రెండు చోట్లకు రెండు కెమెరాలు. హాల్లో ఒకటి పెడదామా అని అడిగితే "అప్పుడు నా ఇంట్లో నేను కొంగు సర్దుకుంటా కూర్చోవాలా?" అంది. ఆ మాట తర్వాత ఇంట్లోపల కెమెరా ఊసు నువ్వు కూడా ఎత్తొద్దు.

కెమెరాలకంటే ముందు చేయాల్సినవి రెండున్నాయి. సందులో లైటు లేదు, ఒక ఎల్‌ఈడీ బల్బు పెట్టించాలి. వెనక తలుపు గొళ్ళెం చేత్తో గట్టిగా లాగితే స్క్రూలతో సహా వచ్చేసింది. అది రేపే మనిషిని పంపి వేయిస్తున్నా. గొళ్ళెం సరిగ్గా లేని తలుపుకు కెమెరా పెడితే, దొంగ లోపలికి పోయేది వీడియోలో చూసుకోవడం తప్ప ఏం లాభం?

ఇప్పుడు ఎక్కడ పెట్టాలో చెబుతా. దీని మీదే అందరూ దెబ్బతింటారు, నేనూ తిన్నాను. మూడేళ్ళ కింద మా గేటు ముందు నుంచి స్కూటర్ పోయింది గుర్తుందా? కెమెరా ఉంది, రికార్డింగూ ఉంది. వీధి మొత్తం కనబడాలని మొదటి అంతస్తు సన్‌షేడ్ కింద, పదిహేనడుగుల ఎత్తున నేనే బిగించాను. స్టేషన్లో వీడియో వేసి చూస్తే తలకు చుట్టిన టవలు, వీపు, స్కూటర్ వెనక చక్రం, అంతే. "ముఖం ఏదన్నా?" అన్నాడు ఎస్సై. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత లెక్క నేర్చుకున్నా. రెండు మెగాపిక్సెల్ కెమెరా బొమ్మ అడ్డంగా 1920 చుక్కలు. తెలియని మనిషి ముఖం పోల్చుకోవాలంటే మీటరు వెడల్పుకు సుమారు 250 చుక్కలు పడాలి. అంగట్లో మామూలుగా ఇచ్చే 2.8 ఎంఎం లెన్సు వంద డిగ్రీల పైన వెడల్పు చూస్తుంది. ఈ లెక్కన మూడు మీటర్లు, అంటే పదడుగులు దాటితే మనిషి వచ్చాడని తెలుస్తుంది గానీ ఎవరో తెలీదు. నాలుగు మెగాపిక్సెల్ తీసుకుంటే ఇంకో మూడడుగులు కలిసొస్తాయి. మీ వసారా స్తంభం నుంచి గేటు గొళ్ళేనికి తొమ్మిదడుగులు, కొలిచాను. ఆ స్తంభానికి ఎనిమిదడుగుల ఎత్తులో నాలుగు మెగాపిక్సెల్ కెమెరా పెడితే గేటు తట్టేవాడి మీసం కూడా తెలుస్తుంది. గేటు తూర్పు ముఖం కదా, పొద్దున ఎనిమిది దాకా ఎండ నేరుగా లెన్సులో కొట్టి మనుషులు నల్లగా నీడల్లా పడతారు. డబ్బా మీద డబ్ల్యూడీఆర్ అని ఉన్నది చూసి కొను, ఎదురెండలోనూ ముఖం నల్లబడకుండా సరిచేసే ఏర్పాటు అది. బిగించేటప్పుడు కొంచెం కిందికి, కొంచెం ఉత్తరానికి వంచుదాం. తూర్పింటి వాళ్ళ వాకిలి అందులో పడకూడదు. యాప్‌లో ఆ మూలను నల్లగా మూసేసే ఏర్పాటు ఉంటుంది, అదీ చేద్దాం. వాళ్ళకు నేను ముందే ఒక మాట చెప్పి వస్తా.

ఇక వైఫైదా, వైరుదా అని అడిగావు. గేటు దగ్గరికి మీ హాల్లో రూటరు సిగ్నల్ బాగానే వస్తోంది. ఫోన్ పట్టుకుని స్తంభం పక్కన నిలబడి వీడియో వేసి చూశా, ఎక్కడా ఆగలేదు. సందులోకి పోతే తొమ్మిదంగుళాల గోడలు రెండు అడ్డం, వీడియో గిరగిరా తిరుగుతానే ఉంది. కాబట్టి గేటుకు వైఫై కెమెరా. సందుకు మాత్రం ల్యాన్ వైరు గుచ్చే సాకెట్ ఉన్న కెమెరా కొను. రూటరు నుంచి అక్కడికి పద్నాలుగు మీటర్లు. ల్యాన్ వైరు వంద మీటర్ల దాకా పని చేస్తుంది, ఇది ఒక లెక్క కాదు. సందులో రెండు మెగాపిక్సెల్ చాలు. తక్కువ ధర వైఫై కెమెరాలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌నే పట్టుకుంటాయి. మీ రూటరులో 5 కూడా అదే పేరుతో వస్తోంది. జోడించే రోజు రెండింటికీ వేరే వేరే పేర్లు పెట్టు, లేకపోతే అక్కడే గంట పోతుంది.

అన్ని కెమెరాలనూ ఒకే చోట రికార్డు చేసే డీవీఆర్ పెట్టె, దానికి హార్డ్ డిస్క్, ఇంటి చుట్టూ బొమ్మకూ కరెంటుకూ కలిపి వచ్చే త్రీ ప్లస్ వన్ కేబుల్, ఇదంతా నాలుగు కెమెరాలు దాటితేనే మేలు. ధర్మవరంలో మీ చిన్నాన్న చీరల అంగడికి నేను అదే పెట్టించాను. నెట్ ఉన్నా లేకపోయినా రికార్డింగ్ ఆగదు. తోటల దగ్గర సంగతి వేరు. మా వియ్యంకుడి చీనీ తోటలో బోరు కేబుల్ రెండుసార్లు కోసుకుపోయారు. అక్కడ కరెంటూ నమ్మకం లేదు, నెట్టూ లేదు. సిమ్ వేసే 4జీ కెమెరాకు సోలార్ పలక తగిలించాం. మీ ఇంటికి ఈ రెండూ వద్దు.

కరెంటు గురించి ఎవరూ చెప్పరు. మీకు ఇన్వర్టర్ ఉంది కదా అని నువ్వు ధైర్యంగా ఉన్నావు. నేను మెయిన్ ఆపి చూశాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, రూటరు మాత్రం చచ్చింది. దాని ప్లగ్గు ఇన్వర్టర్ లైన్లో లేదు! కరెంటు పోయిన చీకట్లోనే గదా కెమెరా కావాల్సింది. ఆ ప్లగ్గు మార్పిస్తా, కెమెరాల అడాప్టర్లూ అదే లైన్లోకి తీసుకుందాం. ఒక్కో కెమెరా తినేది ఐదు నుంచి పది వాట్లు, బ్యాటరీకి భారం కాదు. అడాప్టర్లు మాత్రం గోడకు లోపలి పక్కే ఉండాలి. మన ఊర్లో మేలో 42 డిగ్రీల ఎండకు పడమటి గోడ పెనంలా కాలుతుంది. బయట డబ్బాలో పెట్టిన అడాప్టర్ ఒక ఎండాకాలం దాటితే గొప్ప. కెమెరా ఐపీ66 అని రాసి ఉన్నది తీసుకో, దుమ్ముకూ వానకూ తట్టుకుంటుంది. సందు కెమెరాను సన్‌షేడ్ నీడలోకి జరుపుదాం.

మెమొరీ కార్డు దగ్గర రెండు వందలు మిగిల్చుకోవద్దు. పగలూ రాత్రీ ఆగకుండా రాసేది ఆ చిన్న ముక్కే. 'హై ఎండ్యూరెన్స్' అని ఉన్న 128 జీబీ కార్డు, కెమెరాకొకటి. రెండు మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు ఒకటిన్నర మెగాబిట్ చొప్పున రాస్తే రోజుకు 16 జీబీ అవుతుంది. అంటే వారం రోజులు వెనక్కి చూసుకోవచ్చు, ఆ తర్వాత పాతది చెరిపి కొత్తది రాస్తుంది. గేటుది నాలుగు మెగాపిక్సెల్ కాబట్టి దానికి రోజులు తగ్గుతాయి. మనిషి కదిలినప్పుడే రాయమంటే ఇంకా ఎక్కువ రోజులొస్తాయి. మా ఎదురింట్లో కార్డు చెడిపోయి నాలుగు నెలలైనా ఎవరికీ తెలీలేదు, లైవ్ మాత్రం చక్కగా వస్తోంది మరి. అందుకే నెల మొదటి తారీకున నిన్నటి రికార్డింగ్ ఒక్క నిమిషం వెనక్కి తిప్పి చూడు. రికార్డింగ్‌ను కంపెనీ సర్వర్లో దాచినందుకు నెలనెలా డబ్బు కట్టే క్లౌడ్ వద్దని నా మాట. దొంగ కెమెరానే పీక్కుపోతే కార్డూ పోతుంది, నిజమే. కానీ మనిషి కనబడగానే నీ ఫోన్‌కు బొమ్మతో సహా అలర్ట్ వచ్చేలా పెట్టుకుంటే వాడి ముఖం అప్పటికే నీ దగ్గర ఉంటుంది.

ఆ అలర్ట్ మనుషులకే పెట్టు. ఊరికే కదలికకు పెడితే ఆషాఢం గాలులకు వేపకొమ్మ ఊగినప్పుడల్లా నీ ఫోన్ మోగుతుంది. మూడోరోజు విసిగి నువ్వే ఆపేస్తావు, అసలు మనిషి వచ్చేది నాలుగోరోజు. రాత్రి కెమెరా ఎర్ర దీపాల చుట్టూ సాలీడు గూడు కడుతుంది. బొమ్మలో తెల్లటి తాళ్ళు ఊగినట్టు కనబడి అన్నీ అలికేస్తుంది. నెలకోసారి మెత్తటి గుడ్డ చుట్టిన కర్రతో గూడు తీసి, లెన్సు మీది దుమ్ము తుడవాలి. పనిమనిషికి చూపిస్తాను.

పాస్‌వర్డ్ విషయంలో నువ్వు నా మాట తప్పక వినాలి. బిగించడానికి వచ్చిన కుర్రాడు తన ఫోన్ నంబరుతో ఖాతా తెరిచి నీకు షేర్ చేస్తానంటాడు. ఒప్పుకోవద్దు. మొదటి ఖాతా నీ నంబరుతోనే ఉండాలి, ఓటీపీ నీకే రావాలి, మీ అమ్మకు నువ్వు షేర్ చెయ్యాలి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ ఆ రోజే మార్చు. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రామ్ ఇట్లా మార్చకుండా వదిలేసిన పాస్‌వర్డ్‌లతోనే లక్షల కెమెరాల్లో, డీవీఆర్‌లలో దూరింది. 2025లో రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల్లోంచి ఆడవాళ్ళ వీడియోలు బయటికి పోయి అమ్ముడైన సంగతి తెలిసింది. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. లోపల వద్దని మీ అమ్మ అన్న మాట ఎంత సరైనదో అప్పుడు మళ్ళీ అనిపించింది. మన ప్రభుత్వం 2025 ఏప్రిల్ నుంచి కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. సుభాష్ రోడ్డులో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా, ప్రభుత్వం ఇచ్చే బీఐఎస్ నాణ్యత గుర్తు, బిల్లు, వారంటీ కార్డు మూడూ చూసుకో. ఆరు వందలకు దొరికే పేరూ ఊరూ లేని కెమెరాల జోలికి పోవద్దు.

ఖర్చు చెబుతా. గేటు కెమెరా మూడున్నర వేలు, సందుది మూడు వేల లోపు, కార్డులు రెండూ మూడు వేల లోపు, వైరు, డబ్బాలు, కూలీ కలిపి పదిహేను వందలు. పన్నెండు వేలు దాటనివ్వను.

మీ అమ్మకు యాప్ తెరవడం కష్టం. నీ పాత ఫోన్ ఒకటి బీరువాలో ఉందంటివి గదా, అది తీసుకురా. హాల్లో టీవీ పక్కన స్టాండ్‌లో పెట్టి, ఛార్జర్ తగిలించి, గేటు బొమ్మ ఎప్పుడూ కనబడేలా వదిలేద్దాం. మైకు బొమ్మ మీద వేలు పెట్టి "ఎవరూ?" అంటే గేటు దగ్గర వినిపిస్తుంది. కూర్చున్న చోటు నుంచే అడగొచ్చు అంటే ఆమె ముఖం ఎంత వెలిగిందో! కదిరి తేరుకు గానీ, నీ దగ్గరికి గానీ వచ్చి ఇల్లు తాళం వేసే రోజుల్లో స్టేషన్లో చెప్పి పోవాలి. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ళ కోసమే ఎల్‌హెచ్‌ఎంఎస్ అని ఒక ఏర్పాటు తెచ్చారు, దాని గురించి అక్కడే అడుగుదాం. నీ ఫోన్లో అలర్ట్ చూసి అనుమానం వస్తే ముందు నాకు చెయ్యి, నేను పది నిమిషాల దూరం. తర్వాత పక్కింటికి. అమ్మకు మాత్రం "బయటికి రావొద్దు" అని మాత్రమే చెప్పు. నువ్వు బెంగళూరులో 112 కొడితే అది అక్కడి కంట్రోల్ రూమ్‌కు పోతుంది, అందుకే మన స్టేషన్ నంబరు ఇప్పుడే సేవ్ చేసుకో.

శనివారం ఎండ ఎక్కకముందే మొదలుపెడదాం. నిచ్చెన, డ్రిల్లు నేను తెస్తా. కెమెరాలు, కార్డులు, పాత ఫోన్ నువ్వు తీసుకురా. బిగించినాక నువ్వు బయటికి పోయి గేటు తట్టు, అమ్మ లోపల కూర్చుని "ఎవరూ?" అనాలి. ఆమెకు చేయి తిరిగేదాకా ఎన్నిసార్లైనా తడదాం.

మీ మామ